మూడుసార్లు రాసిన చీటీ

ఆఫీసులో ఆమెను గంటమ్మ అనేవాళ్ళు. ఎదురుగా మేడమ్, వెనకాల గంటమ్మ. మీటింగులో ఒక్కొక్కరికి మూడు నిమిషాలని ఫోనులో గంట పెట్టి, అది మోగగానే మాట మధ్యలో ఉన్నవాళ్ళని కూడా ఆపేసి "తర్వాతెవరు?" అనడం ఆమెకు అలవాటు. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. పడినా నొచ్చుకోలేదు. గంట పెట్టకపోతే ఈ ఆరుగురూ పొద్దుగూకేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారని ఆమె నమ్మకం.

ఆ ఆరుగురూ ఆమె టీమ్. మంచం దిగలేని రోగుల ఇళ్ళకు వెళ్ళి, కట్లు మార్చి, సూదిమందు ఇచ్చి వచ్చే నర్సులు ఊళ్ళో ఓ యాభై మంది ఉన్నారు. ఏ పూట ఎవరింటికి వెళ్ళాలో వాళ్ళ ఫోన్లకు జాబితా పంపే ప్రోగ్రాము ఈ టీమ్ చేతిలో ఉంది. పనిని రెండేసి వారాల ముక్కలుగా పంచుకుంటారు. ముక్క పూర్తయిన శుక్రవారం నాలుగింటికి అందరూ ఓ గదిలో చేరి, ఈ రెండు వారాల్లో ఏం బాగా జరిగింది, ఏం జరగలేదు, ఏం మార్చుకుందాం అని మాట్లాడుకోవాలి. దాన్నే రెట్రో అంటారు.

మాట్లాడుకోవాలి. మాట్లాడరు. అదీ ఆమె బాధ.

"చెప్పండి, ఏం బాగా జరగలేదు?" అని ఆమె అడగ్గానే ఆ గదిలో ఏసీ ఎంత చప్పుడు చేస్తుందో అందరికీ తెలిసొచ్చేది. ఒకరు గోళ్ళు చూసుకునేవారు. ఒకరు నీళ్ళసీసా మూత తిప్పి తీసి, మళ్ళీ తిప్పి పెట్టేవారు. చివరికి అందరికన్నా పెద్దవాడు, యాభైకి దగ్గరపడ్డ ప్రోగ్రామరు, జుట్టంతా తెల్లబడినందుకు టీమ్ మొత్తం తాతయ్య అని పిలిచే మనిషి, గొంతు సవరించుకుని "అంతా బాగానే ఉంది మేడమ్" అనేవాడు. ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు మిగతావాళ్ళు తలలూపేవారు.

సరదాగా ఉంటే నోళ్ళు అవే తెరుచుకుంటాయని ఎక్కడో చదివి, ఆమె ఆటలు మొదలుపెట్టింది. ఓసారి బోర్డు మీద ఓడ గీసి, మనల్ని ముందుకు తోసే గాలి ఏది, వెనక్కి లాగే లంగరు ఏది, రాయమంది. ఓసారి ఈ రెండు వారాలూ ఏ వాతావరణంలా గడిచాయో చెప్పమంది. ఇంకోసారి ఏ జంతువులా ఉన్నాయో చెప్పమంది.

"గేదెలా ఉన్నాయి మేడమ్," అన్నాడు తాతయ్య.

"ఎందుకని?"

"బురదలోనే ఉన్నాం. సుఖంగానే ఉన్నాం."

గదంతా ఘొల్లుమంది. ఆమె కూడా కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ, ఇవాళ మీటింగు బాగా జరిగిందని సంబరపడింది. బురద సంగతి ఎవరూ అడగలేదని ఆమెకు తట్టలేదు. ఆ తర్వాతిసారి రంగు బంతి కొనుక్కొచ్చింది. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మాట్లాడి ఇంకొకరికి విసరాలి. బంతి బాగా ఎగిరింది.

టీమ్‌లో ఇంకో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకామె టెస్టరు. ప్రోగ్రాములో తప్పుల్ని పురుగులంటారు కాబట్టి, వాటిని ఏరే ఈమెను పురుగులమ్మ అన్నారు. మనిషి నెమ్మది. నోటితో చెప్పేదానికన్నా కాగితం మీద రాసేది ఎక్కువ, అదీ ఎప్పుడూ ఆకుపచ్చ సిరాతో. రెండో అతను చేరి మూడు నెలలే అయింది. గడ్డం, కళ్ళజోడు, పదేళ్ళ అనుభవం అన్నీ ఉన్నవాడే. కానీ చేరిన కొత్తలో ఎవరూ పని చెప్పక, "కూర్చోండి, కాఫీ తాగండి" అని మర్యాదలు చేస్తుంటే తాతయ్య అతనికి కొత్తల్లుడు అని పేరు పెట్టాడు. మర్యాదలు తగ్గాయి గాని పేరు మిగిలింది.

ఒక బుధవారం పొద్దున డైరెక్టరు గంటమ్మను తన గదికి పిలిచాడు. కూర్చోమనలేదు.

నర్సుల సంస్థ నుంచి ఫోను వచ్చిందట. కాలికి పుండున్న ఒక పెద్దావిడను శనివారం కొత్తగా జాబితాలో చేర్చారు. సోమవారం నుంచి రోజూ కట్టు మార్చాలి. ఆ వీధులకు రోజూ వెళ్ళే నర్సు సెలవులో ఉండటంతో ఆమె బదులు ఇంకొకామె వెళ్ళింది. సోమవారం ఆ బదులు నర్సు ఫోనులో పెద్దావిడ పేరు లేదు. మంగళవారమూ లేదు. ఎవరూ వెళ్ళలేదు. మంగళవారం సాయంత్రానికి జ్వరం ముంచుకొచ్చి, పక్కింటివాళ్ళు ఆవిడను ఆసుపత్రిలో చేర్చారు.

"ఎవరివల్ల జరిగిందో సోమవారానికల్లా నాకు కాగితం మీద కావాలి," అన్నాడు డైరెక్టరు.

మధ్యాహ్నానికి తాతయ్య కారణం కనిపెట్టాడు. దారిలో సిగ్నల్ పోయి మళ్ళీ వస్తే, ఫోను ఆ రోజు జాబితా తెచ్చుకోవడం మానేసి తన దగ్గర దాచుకున్న పాత జాబితానే చూపిస్తోంది. చెప్పేటప్పుడు అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. పురుగులమ్మ తన బల్ల దగ్గర్నుంచి లేవలేదు.

గంటమ్మ కాగితం రాద్దామని కూర్చుంది. ఎప్పటినుంచి ఏమేం జరిగిందో వరసగా పెట్టాలి కదా అని, ప్రతి రెట్రో అయ్యాక బోర్డును తీసి పెట్టుకున్న ఫోటోలు తెరిచింది. ఓడ బొమ్మ ఉన్న ఫోటోను వేళ్ళతో పెద్దది చేసింది. బోర్డు అంచున పసుపు చీటీ, ఆకుపచ్చ అక్షరాలు: "సిగ్నల్ పోయి వస్తే పాత జాబితా చూపిస్తోంది. రెండుసార్లు చూశాను." చీటీ లంగరు దగ్గర లేదు. 'తర్వాత చూద్దాం' అని రాసిన మూలకు జరిగి ఉంది.

ఆమె వాతావరణం ఫోటో తెరిచింది. "సిగ్నల్ సంగతి ఇంకా అలాగే ఉంది. నర్సులకి ఇబ్బంది కావచ్చు." మళ్ళీ అదే మూల. జంతువుల ఫోటోలోనూ అదే మూలన ఒక్క మాట: "సిగ్నల్." ఆ తర్వాత, బంతి రోజు ఫోటోలో ఆకుపచ్చ సిరా ఎక్కడా లేదు.

ఆ చీటీలను ఆ మూలకు అంటించింది ఎవరో ఆమెకు బాగా గుర్తుంది. తన వేళ్ళే. ఒకసారైతే "మంచి పాయింటు, రాసి పెట్టుకుందాం" అని కూడా అంది. ఆ మూలలో చీటీలు ఆ తర్వాత ఏమయ్యేవో కూడా ఆమెకు తెలుసు. సోమవారం పొద్దున బోర్డు తుడిచేవాళ్ళు తీసి పారేసేవాళ్ళు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నాల దగ్గర ఆమె పరధ్యానంగా ఉంది. రోజూ అడిగినట్టే అత్తగారిని అడిగింది.

"కూర ఎలా ఉందత్తయ్యా?"

"బాగానే ఉంది."

ఆ రెండు మాటలు ఆఫీసులో వినీ వినీ ఉండటం వల్లనేమో, ఆమె చేయి కంచంలో ఆగిపోయింది. "నిజంగా అడుగుతున్నానత్తయ్యా. ఎలా ఉంది?"

అత్తగారు కోడలి మొహం ఒకసారి, కొడుకు మొహం ఒకసారి చూసింది. "ఉప్పెక్కువైంది."

"ఇవాళా?"

"ఆరేళ్ళుగా."

ఆమె భర్త మంచినీళ్ళు తాగుతూ పొలమారాడు. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అంది గంటమ్మ.

"చెప్పకపోవడమేం? కాపురానికొచ్చిన మొదటివారమే చెప్పాను. 'అవునా అత్తయ్యా' అని చక్కగా నవ్వావు. మర్నాడు కూడా అంతే వేశావు. అడిగేది మర్యాదకి కాబోలు అనుకుని, నేనూ మర్యాదకే చెబుతూ వచ్చాను." ఆవిడ మాటలో ఎత్తిపొడుపు లేదు. మజ్జిగ గిన్నె ఇటు జరపమంది.

గురువారం గంటమ్మ సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళింది. ఎందుకు వెళ్తున్నదీ ఎవరికీ చెప్పలేదు, తనకూ సరిగ్గా తెలియదు. ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఆ పెద్దావిడ కాలు ఎత్తుగా పెట్టుకుని పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద సెలవు నుంచి తిరిగొచ్చిన నర్సు. తానెవరో గంటమ్మ చెప్పగానే నర్సు మొహం బిగుసుకుంది.

"ఫోనులో లిస్టు చేసేది మీరేనా?"

"మేమేనండీ."

నర్సు మాట్లాడకుండా సంచిలోంచి అట్ట చిరిగిన నోటుబుక్కు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. ప్రతి పేజీలో తేదీ, పేర్లు, వీధులు, చేత్తో రాసినవి. "పొద్దున్నే సంస్థకి ఫోన్ చేసి అడిగి రాసుకుంటాం. నేనే కాదు, పాతవాళ్ళం అందరం అంతే. మీ ఫోను మాట నమ్మడం మానేసి చాలా రోజులైంది. నా బదులు వచ్చిన పిల్ల కొత్తది, పాపం, దానికి తెలీదు."

"మాకు ఒక్కమాట చెప్పి ఉంటే..."

"చెప్పకేం? అందులోనే 'మీ అభిప్రాయం చెప్పండి' అని ఉంటుందిగా. నొక్కి రాశాను. 'ధన్యవాదాలు' అని వచ్చింది. నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ ధన్యవాదాలే. ఐదోసారి ఈ పుస్తకం కొనుక్కున్నాను."

గంటమ్మ నోటుబుక్కు మూసింది. మంచం మీది పెద్దావిడ చేయి చాపి ఆమె మోచేతి మీద వేసింది.

"నువ్వేం బాధపడకమ్మా. తప్పు నాదీ ఉంది. రెండు రోజులూ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని చూస్తూనే ఉన్నాను. ఫోన్ చేసి విసిగించడమెందుకు, వాళ్ళకెన్ని పనులో, వస్తారులే అనుకున్నాను."

ఆ మాటకన్నా ఆవిడ నాలుగు తిట్టినా బాగుండుననిపించింది గంటమ్మకు. తనకేదీ అడిగే హక్కు లేనట్టు, నొప్పిని కూడా మొహమాటంగా భరించే ఆ మనిషి ముందు ఆమె చాలాసేపు కూర్చుంది. లేచేముందు నర్సును అడిగింది, ఆ అభిప్రాయాలన్నీ ఎక్కడికి పోతాయో కనుక్కుని చెబుతానని మాటిస్తే నమ్ముతారా అని.

"నమ్మను," అంది నర్సు. "చెప్పినప్పుడు చూద్దాం."

శుక్రవారం మూడున్నరకు డైరెక్టరు వచ్చి, ఇవాళ రెట్రోలో తానూ కూర్చుంటానన్నాడు. వెనక కుర్చీలో, ఏమీ మాట్లాడకుండా.

"మీరుంటే అంతా బాగానే ఉందంటారు సార్. ఇవాళ నాకు ఆ మాట వద్దు."

"అంటే నేను రాకూడదనా?"

ఆమె తల ఊపింది. "అవును సార్. మీకు కావలసిన కాగితం మాత్రం సోమవారం మీ బల్ల మీద ఉంటుంది." అతను ఆమెను ఎగాదిగా చూసి, మొహం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గదిలో ఆరుగురూ ముందే వచ్చి కూర్చున్నారు. ఎవరి తల మీద పిడుగు పడుతుందోనని అందరి భుజాలూ ముడుచుకుని ఉన్నాయి. ఆమె ఓడ గీయలేదు, రంగు చీటీలు పంచలేదు. మూడు ఫోటోలు కాగితాల మీద తీయించుకొచ్చి, వరసగా బోర్డుకు అంటించింది. ఆకుపచ్చ సిరా చీటీ చుట్టూ మూడింటిలోనూ గుండ్రంగా గీత గీసింది.

"ఇది మూడుసార్లు మన ముందుకొచ్చింది. మూడుసార్లూ తీసి పక్కన పెట్టింది నేనే. ఆటకి టైము చాలదని పెట్టాను. కాగితంలోనూ ఇదే రాస్తాను. ఇక్కడ ఇంకెవరి పేరూ అడగబోవడం లేదు." నిన్న ఆసుపత్రిలో చూసింది, విన్నది, నోటుబుక్కుతో సహా చెప్పింది. "నా తప్పు నేను చెప్పాను. మీకు నా మీద చెప్పాల్సింది ఏమన్నా ఉంటే చెప్పండి."

ఏసీ చప్పుడు. ఇదివరకైతే ఈపాటికి ఆమె ఏదో ఒక జోకు వేసి గండం గట్టెక్కించేది. ఇప్పుడు నోరు మూసుకుని నిలబడింది.

"నాలుగోసారి కూడా రాద్దామనే వచ్చాను." పురుగులమ్మ తల వంచుకునే మాట్లాడుతోంది. "ఆ రోజు మీరు బంతి తెచ్చారు. బంతి ఉన్నవాళ్ళే మాట్లాడాలన్నారు. నాకు బంతి రాలేదు."

పురుగులమ్మ అక్కడితో ఆగలేదు.

"అందరూ నవ్వుతున్నారు. మధ్యలో లేచి సిగ్నల్, సిగ్నల్ అంటే ఏడుపుగొట్టుదానిలా ఉంటుంది కదా. మేడమ్, మీరు ఎంత కష్టపడి ఆటలు తయారు చేస్తారో నాకు తెలుసు. కానీ ప్రతిసారీ, నేను చెప్పింది వినకుండా ఉండటానికే ఇంత కష్టపడుతున్నారా అనిపించేది."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. గంటమ్మ సమాధానం చెప్పుకోబోయి, ఆగి, "ఇంకా?" అని మాత్రం అంది.

"ఇంకా నేను చెబుతాను." ఈసారి తాతయ్య. రెండు చేతులూ బల్ల మీద పెట్టి వాటివంకే చూస్తున్నాడు. "ప్రోగ్రాములో ఆ భాగం రాసింది నేను. ఐదేళ్ళ కిందట, హడావుడిలో. ఈ అమ్మాయి మొదటి చీటీ చూసినప్పుడే నాకు అర్థమైంది, తప్పెక్కడుందో. దాన్ని తెరిస్తే నా పాత పనంతా నలుగురిలో బయటపడుతుంది. మీరు పక్కన పెడుతుంటే, నిజం చెప్పాలంటే, హమ్మయ్య అనుకున్నాను. గేదె అన్నది కూడా అందుకే. నవ్విస్తే అడగరు కదా." పక్కనున్నతను నీళ్ళసీసా మూత తీసి అందించాడు.

కొత్తల్లుడు చేయెత్తాడు, బడిపిల్లాడిలా. "అది మొత్తం సరిచేయడానికి ఎన్ని రోజులు పడుతుంది?"

"పది రోజులు," అన్నాడు తాతయ్య.

"అందాకా ఒక పని చేద్దామా? జాబితా పైన పెద్ద అక్షరాలతో, ఇది ఏ రోజుది, ఎన్నింటికి వచ్చింది అని చూపిద్దాం. పాతదైతే ఎర్రగా. నర్సే కనిపెట్టేస్తుంది. ఒక్కరోజు పని."

అందరూ అతనివైపు తిరిగారు. "ఇది నీకు ఎప్పుడు తట్టింది?" అంది గంటమ్మ.

"మొదటి చీటీ బోర్డెక్కిన రోజే. కొత్తవాణ్ణి కదా అని..." మిగతాది మింగేశాడు.

ఆ రోజు ఆ గదిలో ఇంకా చాలా సంగతులు బయటికొచ్చాయి. కొన్ని వినడానికి కష్టంగా ఉన్నాయి. అన్నీ ఇప్పుడే బాగుచేద్దామని ఆమెకు ప్రాణం కొట్టుకుంది గాని, పట్టుబట్టి రెండింటికే పరిమితమైంది. ఎర్ర అక్షరాల పని కొత్తల్లుడిది, సోమవారానికి. లోపలి తప్పు తాతయ్యది, పురుగులమ్మ పక్కన కూర్చుంటుంది, తర్వాతి రెట్రోకి. "ఆ రోజు మొదట ఈ రెండూ ఏమయ్యాయో చూస్తాం. కాకపోతే ఎందుకు కాలేదో అదే మాట్లాడతాం, కొత్తది ఎత్తుకోం," అంది. తనమీద కూడా ఒకటి వేసుకుంది: నర్సుల అభిప్రాయాలు ఎక్కడికి పోతున్నాయో కనుక్కోవడం.

కనుక్కోవడానికి గంట కూడా పట్టలేదు. రెండేళ్ళ కిందట ఉద్యోగం మానేసిన ఒకతని మెయిలుకు పోతున్నాయి. మూడు వందల పైచిలుకు, ఒక్కటీ ఎవరూ తెరవనివి. ఆమె వాటిని శనివారమంతా కూర్చుని చదివింది. నర్సుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. తర్వాత "నా నాలుగూ ఉన్నాయా?" అని అడిగింది నర్సు. ఉన్నాయంది.

సోమవారం డైరెక్టరు బల్ల మీద పెట్టిన కాగితంలో ఒక్క పేరే ఉంది. అతను చదివి, "ఇది కాదు నేనడిగింది" అన్నాడు. కానీ నెల తిరిగేలోగా ఆమె ఫైల్లో ఒక హెచ్చరిక ఉత్తరం చేరింది. ఆ ఏడాది రావలసిన పెద్ద హోదా రాకుండా పోయింది. భర్త దగ్గర ఒకసారి ఏడ్చింది. పెద్దావిడ మూడు వారాలకు ఇల్లు చేరింది, కాలు నిలిచింది, నడక మాత్రం నెమ్మదించింది.

అన్నీ చక్కబడ్డాయని చెప్పలేం. పురుగులమ్మ ఆ గొడవకు ముందే వేరే ఆఫీసుకు మాటిచ్చేసింది. ఆ సంగతి రెండో వారంలో చెప్పింది. ఉండిపొమ్మని గంటమ్మ బతిమాలింది. "ఇప్పుడు అడుగుతున్నారు మేడమ్," అంది పురుగులమ్మ, కోపం లేకుండానే.

ఆమె వెళ్ళే ముందు ఆఖరి రెట్రో జరిగింది. ఎర్ర అక్షరాల పని అయిపోయింది, లోపలి తప్పు ఇంకా ఎందుకు కాలేదన్నదే ఆ రోజు మాట. పాత జాబితా ఫోనులో దాచుకోవడమే పూర్తిగా తీసేద్దామని తాతయ్య, తీసేస్తే సిగ్నల్ అందని నేలమాళిగ ఇళ్ళలో నర్సుకు ఏమీ కనిపించదని పురుగులమ్మ. తాతయ్య బల్ల చరిచాడు. పురుగులమ్మ లేచి మార్కరు లాక్కుని బోర్డు మీద బొమ్మ గీస్తూ, "మీరొక్కసారి ఆ మెట్లు దిగి చూసి రండి, అప్పుడు చెప్పండి!" అని అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని అక్కడ ఎవరికీ తెలియదు. కొత్తల్లుడు ఇద్దరి మధ్యా దూరి ఇంకో దారి చెప్పబోతే, ఇద్దరూ కలిసి అతని మీద పడ్డారు.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. పక్కగదిలో పనిచేసే ఆమె లోపలికి తొంగిచూసి, గంటమ్మతో మెల్లగా, "ఏమైనా గొడవా? ఎవరినైనా పిలవనా?" అంది.

"వద్దండీ," అంది గంటమ్మ. "మీటింగే."

తలుపు మూసుకుంది. పురుగులమ్మ బోర్డు మీద నేలమాళిగకు మెట్లు గీయడం పూర్తి చేసి, మార్కరు తాతయ్య చేతికిచ్చింది. అతను గొణుక్కుంటూనే లేచి, ఆ బొమ్మ ముందు నిలబడి, ఫోను ఎక్కడుంటే ఏమవుతుందో ఒక్కో మెట్టు దగ్గరా రాయడం మొదలుపెట్టాడు. గంటమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.